చుట్లు రాయని చీటీ

షాపు వెనక గది
జూన్ 4

అత్తకి,

నమస్కారాలూ కుశల ప్రశ్నలూ వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఇవాళ నాకు ఒళ్లు మండిపోతోంది.

పోయిన నెల పిండి మిల్లు మోటారు ఒకటి కాలిపోయి మన వైండింగ్ షాపుకి వచ్చింది. నాన్నకి నడుం పట్టేసి మంచం దిగలేదు. మిల్లు ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, లేవడు. అన్నయ్య ఏం చేశాడంటావు? ఆయనకి టీ తెప్పించి, లోకంలోని కబుర్లన్నీ చెప్పి, "ఎల్లుండికల్లా ఇచ్చేస్తాం" అని మాటిచ్చి, వెనక గదిలోకొచ్చి నా ముందు చేతులు జోడించాడు. వాడికి దొర అని పేరు పెట్టింది నువ్వే. ఊరికే పెట్టలేదు.

కాలిన తీగ కోసి తీసింది నేను. ఇనప గాడులు గీకి, వాటిలో కాగితం పరిచింది నేను. చుట్టు చుట్టూ లెక్కపెట్టి కాయిళ్లు చుట్టి, గాడుల్లో దించి, వెదురు పుల్లలు బిగించి, దారంతో కుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టింది నేను. మోటారు తిరుగుతుంటే దాని మీద పెన్సిలు నిలబెట్టాను అత్తా. పడలేదు.

మిల్లు ఆయన అన్నయ్య భుజం తట్టి, "తండ్రిని మించిపోయావయ్యా" అన్నాడు. వాడు సిగ్గుపడుతూ నవ్వాడే గాని కాదనలేదు.

అంతవరకైతే పళ్లు నూరుకుని ఊరుకునేదాన్ని. నిన్న శిక్షణ కేంద్రం నుంచి ఫారం వచ్చింది. ఒక్కో షాపు నుంచి ఒక్కరికే సీటు. రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత లైసెన్సు. షాపులో చుట్టిన మోటారు ఒకటి చూపించాలి. ఫారంలో 'ఈ పని చేసినవారు' అన్న గడిలో పేరు రాసి, షాపు యజమాని సంతకం పెట్టాలి. గడువు ఆగస్టు ఆఖరు. చూపించడానికని నాన్న ఒక చిన్న మోటారు నాచేత చుట్టించాడు. తాతయ్య పద్ధతి ప్రకారం చుట్ల లెక్క, పేరు రాసి కుట్ల కింద దోపే చీటీతో సహా అన్నీ నేనే చేశాను. తీరా గడిలో అన్నయ్య పేరు రాశాడు!

"నాన్నా, చుట్టింది నేను కదా?" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "చుట్టావులే, బాగానే చుట్టావు. కానీ అక్కడ అంతా మగపిల్లలు. రేపు బావుల దగ్గరికీ మిల్లులకీ వెళ్లి మోటార్లు మోస్తావా? నీకు కంప్యూటర్‌లో బిల్లులు కొట్టే కోర్సు చూశాను. చల్లగా కూర్చుని చేసుకోవచ్చు" అన్నాడు.

చల్లగా కూర్చోవడం నాకెందుకు అత్తా? నాకేమైనా జ్వరమా?

నువ్వొక్క ఉత్తరం రాయి నాన్నకి. ఆయన ఎవరి మాటా వినడు. నీ పేరెత్తితే మాత్రం ఎందుకో తల దించుకుంటాడు.

నీ పిడుగు

వైర్ల కొట్టు, కౌంటర్ వెనక
జూన్ 15

పిడుగా,

నీ ఉత్తరం విప్పగానే వేళ్లు కాలాయి. అంత కోపం అయితే ఎట్లాగే?

ఇక్కడ మొన్న ఏం జరిగిందో చెప్తాను విను. ఒకాయన వచ్చి కౌంటర్ మీదికి వంగి, "లోపల మగవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా? తీగ గురించి అడగాలి" అన్నాడు. లేరండీ, నేను చెప్తాను అన్నాను. "పర్లేదు, ఉంటాను" అని ముప్పావుగంట ఉన్నాడు. మా యజమాని వచ్చి, ఆయన చెప్పిందంతా విని, నావైపు తిరిగి, "ఏ గేజ్, ఎంత లావు తీగ ఇమ్మంటావు?" అన్నాడు. చెప్పాను. తీగ కట్ట చంకన పెట్టుకుని ఆ పెద్దమనిషి మా యజమానికి దణ్ణం పెట్టి వెళ్లాడు. నేను ఇంటికొచ్చి మీ మామయ్యకి చెప్పి కడుపుబ్బ నవ్వాను. నువ్వూ నవ్వడం నేర్చుకో. సగం బరువు తగ్గుతుంది.

ఫారం సంగతి ఈ ఏటికి వదిలెయ్యి. పేరుదేముంది, కాగితం మీది మాట. మోటారుకి పేరుతో పనిలేదు, మంచి చేతితో పని. అది నీకుంది, ఎవరూ లాక్కోలేరు. దొరకి కాస్త పని నేర్పు, వాడు మాత్రం పరాయివాడా?

మీ నాన్నకి రాయమని మాత్రం అడక్కు. రాయలేను.

అన్నట్టు, మిల్లు మోటార్లు పిండి దుమ్ము పీల్చి వదులైపోతాయి. ఈసారి వెదురు పుల్లలు వేడి వార్నిష్‌లో ఒక పూట నానబెట్టి బిగించు, కదలవు.

నీ అత్త

షాపు వెనక గది
జూలై 2

అత్తా,

నేను నవ్వడం నేర్చుకోను. ముప్పావుగంట ఆయన నిలబడ్డాడు సరే, నువ్వు ఇన్నేళ్లుగా నిలబడ్డావు కదా, అది నీకు నవ్వులాటగా ఉందా? నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మడిచేశాను. నాన్న చెప్పిన మాటే నువ్వూ చెప్పావు. కాకపోతే ముద్దుగా చెప్పావు.

మొన్న నేనే శిక్షణ కేంద్రానికి వెళ్లాను. కిటికీ దగ్గర గుమాస్తా నన్ను చూసి, "మీ అన్నయ్యకా ఫారం?" అన్నాడు. నాకే అన్నాను. పక్కాయన్ని పిలిచి, "ఇదిగో, ఈ అమ్మాయి మోటార్లు చుడుతుందట" అన్నాడు. ఆ పక్కాయన బయటికొచ్చి మరీ చూసిపోయాడు, నేనేదో తలకిందులుగా నడుస్తున్నట్టు. ఆడపిల్లలు చేరకూడదని రూలుందా అని అడిగాను. "రూలేం లేదమ్మా, రారు అంతే" అన్నాడు. మా ఇంట్లోలాగే అందరిళ్లల్లోనూ గడిలో వేరే పేరు రాస్తుంటే ఎలా వస్తారు?

అన్నయ్యకి పని నేర్పుతున్నాను. నువ్వు చెప్పావని కాదు, నాన్న ఆజ్ఞ. ఫారం పంపాక చేతిపని పరీక్ష ఉంటుందట. వాడు ఇరవయ్యో చుట్టు దగ్గర ఫోనెత్తుతాడు, దింపాక పద్దెనిమిదో నుంచి మొదలెడతాడు. నిన్న వాడే తీగ వదిలేసి, "ఒసే, నాకీ తీగంటేనే చిరాకు. నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి మనుషులతో మాట్లాడమను, సాయంత్రం దాకా మాట్లాడతా" అన్నాడు. ఆ మాట నాన్నతో చెప్పరా అంటే, "నువ్వు చెప్పు" అంటాడు. వాడి నోరు గుమ్మం దాకే.

ఇంకోటి. వెదురు పుల్లలు వేడి వార్నిష్‌లో నానబెట్టాలని నీకెలా తెలుసు? వైర్ల కొట్టులో అమ్మేవాళ్లకి గేజ్ తెలుస్తుంది గాని పుల్లల సంగతి తెలియదు. నానబెట్టి చూశాను. నిజంగానే కదల్లేదు.

ఈ ఊరి సంగతి విన్నావా? పంప్ హౌస్ పెద్ద మోటారు కాలిపోయింది. గోడ మీద అద్దాల చట్రంలో ఉండే పేపరు ముక్క గుర్తుంది కదా, పంతొమ్మిదేళ్ల నాన్న ఒక చెయ్యి మోటారు మీద వేసి నిలబడ్డ ఫొటో? అదే మోటారు. ఇరవయ్యారేళ్లు తిరిగింది. దాంతోనే మన షాపుకి పేరొచ్చింది. ఇప్పుడు ఊళ్లో సగం వీధులకి రోజు విడిచి రోజు నీళ్లు. ఇంజినీరు నేరుగా మన షాపుకే పంపాడు. నాన్న మాత్రం దాన్ని చూసిన దగ్గర్నుంచీ అదోలా ఉన్నాడు.

పిడుగు

వైర్ల కొట్టు
జూలై 9

పిడుగా,

ఆ మోటారు ఎవరు విప్పుతున్నారు? మీ నాన్న ఒక్కడేనా, నువ్వూ దగ్గరుంటావా? కుట్ల కింద చీటీ ఉంటుంది. దాన్ని పారెయ్యనివ్వకు. చదివినా చదవకపోయినా నీ దగ్గర దాచు.

పుల్లల సంగతి ఎవరో వచ్చినవాళ్లు అనుకుంటుంటే విన్నాను.

ఇంకేం రాయను. వెంటనే జవాబు రాయి.

అత్త

షాపు వెనక గది
జూలై 29

అత్తా,

నువ్వు అబద్ధాలకోరువి.

ఇంత మాట పెద్దవాళ్లని అనకూడదని తెలుసు. అన్నాను. చెంపలు నువ్వు వేసుకోవాలో నేను వేసుకోవాలో తర్వాత చూసుకుందాం, ముందు ఇది చదువు.

మోటారు మూత విప్పినప్పుడు నేనే దీపం పట్టుకున్నాను. తీగ చాలామటుకు ముద్దయిపోయింది. కొసలన్నీ కాలి రాలిపోయాయి. ఒక పక్క మాత్రం కుట్లు చెక్కుచెదరలేదు, వాటి కింద చీటీ. నాన్న చాకుతో తీశాడు. చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు. "ఏముంది నాన్నా, ఎన్ని చుట్లు?" అన్నాను. "లేదు. కాలిపోయింది" అని నలిపి పాత రాగి డబ్బాలోకి విసిరేశాడు. ఆయన భోజనానికి వెళ్లాక తీశాను. వార్నిష్ తాగి గట్టిపడ్డ కాగితం, ఎక్కడా కాలలేదు. నాన్న పేరుంది. తారీకు ఉంది. చుట్లు అన్నచోట ఖాళీ, గేజ్ అన్నచోట ఖాళీ.

చుట్లు రాయకుండా చీటీ ఎవరు పెడతారు? చీటీ పెట్టేదే అందుకు కదా! అనుకుంటూ ఇంకోసారి చూశాను. తలకట్లన్నీ కుడివైపుకి జెండాల్లా ఎగురుతున్నాయి. ఏడు అంకె మెడలో అడ్డగీత. నాన్న తలకట్లు పొట్టిగా, గునపాల్లా ఉంటాయి. ఈ జెండాలు నేనెక్కడ చూశాను? పరుగెత్తుకెళ్లి పెట్టె తెరిచి నీ ఉత్తరాలు బల్ల మీద పరిచాను. చీటీ పక్కన పెట్టాను. 'అత్త'లో జెండా, చీటీలో జెండా.

ఆ మోటారు చుట్టింది నువ్వు. నాన్న పేరు రాసిందీ నువ్వే, నీ చేత్తో.

నాన్న తల ఎందుకు దించుకుంటాడో తెలిసింది. నువ్వెందుకు ఉత్తరం రాయలేవో తెలియలేదు. ఇన్నాళ్లూ ఆ పేపరు ముక్క కింద కూర్చుని నేను మోటార్లు చుట్టాను. 'నాన్నలా' కావాలని చుట్టాను! నీలా అని ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది? నాకు ఏడేళ్లప్పుడు పాత కాయిల్‌తో ఆడుకుంటుంటే అందరూ నవ్వారు. నువ్వూ అక్కడే ఉన్నావు. నాలాంటిదే ఇంకొకతె ఈ ఇంట్లో పుట్టిందని ఎవరైనా చెప్పి ఉంటే, నాలో ఏదో తేడా ఉందని ఇన్నేళ్లు అనుకునేదాన్ని కాదు.

ఇక్కడి కథ ఇంకా ఉంది. నాన్న ఒక్కో గాడిలో తీగలు లెక్కపెట్టాడు. ఎనభై నాలుగు. అంతే లెక్కతో మళ్లీ చుట్టాడు. షాపులో ఉత్తినే తిప్పితే చప్పుడు లేకుండా, చక్కగా తిరిగింది. పంప్ హౌస్‌లో బిగిస్తే లాగడం లేదు. గొట్టంలోంచి నీళ్లు ముసలాయన ఉమ్మినట్టు వచ్చాయి. విప్పి మళ్లీ చుట్టాడు. మళ్లీ అంతే. ఇంజినీరు అందరి ముందూ, "మొదటిసారి చుట్టింది మీరే కదండీ, ఇప్పుడేమైంది?" అన్నాడు. ఈ నెలాఖరు కాదు, వచ్చే నెలాఖరు లోపల కాకపోతే పెద్ద కంపెనీకి పంపేస్తానన్నాడు. నాన్న రాత్రనక పగలనక పాత తీగ ముద్దని ముందేసుకుని కూర్చుంటున్నాడు.

జాలి పడదామంటే కోపం అడ్డొస్తోంది.

ఒకటి దాచాను, అదీ చెప్పేస్తాను. నిన్ను అంత మాట అన్నాక దాచడం బాగుండదు. చూపించబోయే చిన్న మోటారులో చీటీ నేనే రాశానన్నాను కదా. పేరు దగ్గర నాన్న, "అన్నయ్యది రాసెయ్యమ్మా" అన్నాడు. రాశాను. వార్నిష్ పోసేశాను. ఇప్పుడు తియ్యాలంటే కాయిల్ కొయ్యాలి.

పిడుగు

మా ఇంట్లో, కిటికీ పక్క
ఆగస్టు 6

నా తల్లీ,

నీ ఉత్తరం మూడు రోజులు బ్యాగులో మోశాను. మీ మామయ్య, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. లేదు, దొరికారు అన్నాను.

అవును, నేను అబద్ధాలకోరుని. ఇక నిజం రాస్తున్నాను, ఇది కూడా దాచు.

అప్పుడు నాకు పదిహేడు, ఇప్పటి నీ వయసే. మీ తాతయ్యకి కళ్లు మసకబారాయి. పంప్ హౌస్ మోటారు వచ్చింది, అంత పెద్దది మా షాపుకి అదే మొదలు. మీ నాన్న రెండు కాయిళ్లు చుట్టాడు, లెక్క తప్పాడు, బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి చిన్న మోటార్లు సగం నేనే చుడుతున్నాను. ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. దీనికి కావలసిన తీగ బజార్లో దొరకలేదు. నేనొక ఉపాయం చేశాను. ఏమిటో ఇక్కడ రాయను. తొమ్మిది రోజులు చుట్టాను. తిరిగిన రోజున మీ తాతయ్య చెవి ఆనించి విని, నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

చీటీ రాయడానికి పెన్సిలు తీశాను. "పేరు అన్నయ్యది రాయమ్మా. షాపు నడపాల్సినవాడు వాడు. మోటారు మనింటిదేగా" అన్నాడు తాతయ్య. అదే చెయ్యి, అదే మెత్తని గొంతు. మీ నాన్న అక్కడే నిలబడి గోడ మీది బల్లిని చూస్తున్నాడు. పేరు రాశాను, తారీకు రాశాను. చుట్ల దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. పేరు తీసుకున్నారు, లెక్క మాత్రం ఇవ్వను అనుకున్నాను. ఖాళీలు ఖాళీగానే ఉంచి, దోపేసి, వార్నిష్ పోసేశాను. పదిహేడేళ్ల పిల్ల కోపం అంతకన్నా ఏం చెయ్యగలదు?

పేపరు వాళ్లు వచ్చినప్పుడు నేను వాళ్లకి మంచినీళ్లు అందించాను. మరుసటి నెల బల్ల దగ్గర నా స్టూలు లేదు. అమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లింది, అటక అందుకోవడానికి బాగుంటుందట. నా స్టూలేదీ అని అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నేర్చుకున్న నవ్వే ఇన్నేళ్లూ కౌంటర్ వెనక నవ్వుతున్నాను, నీకూ అదే నేర్పబోయాను. చెంపలు వేసుకోవలసింది నేనే.

కానీ ఇప్పుడు నాకు కోపం వస్తోంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో అంత వేడిగా ఉంది. మా నాన్న మంచివాడు, మా అన్నయ్య మంచివాడు. ఇంత మంచివాళ్లు కలిసి ఒక ఆడపిల్లని బల్ల దగ్గర్నుంచి లేపేశారు, అదీ గొంతు పెంచకుండా. వాళ్లు కొట్టి ఉంటే నేను పోట్లాడేదాన్నేమో. తల నిమిరితే ఎవరితో పోట్లాడను?

నీ చీటీ సంగతి. నేను ఇరవయ్యారేళ్లు ఆలస్యం చేశాను. నువ్వు ఇరవయ్యారు రోజులు కూడా చెయ్యకు. ఏం చెయ్యాలో నీ చేతిలోని ఉలికి తెలుసు.

పంప్ హౌస్ మోటారు ఎందుకు లాగడం లేదో నాకు తెలుసు. చెప్పను, నీక్కూడా. మీ నాన్న అడగాలి నన్ను. తన చేత్తో, ఆ పొట్టి తలకట్లతో, కాగితం మీద. ఈ ఉత్తరం ఆయనకి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

అత్త

షాపు ముందు గది, పెద్ద బల్ల
ఆగస్టు 14

అత్తా,

చిన్న మోటారు కోసేశాను.

ఆదివారం పొద్దున నాన్న టీ తాగుతున్నాడు. అలమారలోంచి దించి, మూత విప్పి, ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. నా జన్మలో అంత బాగా చుట్టిన కాయిల్ ఇంకోటి లేదు. ఒక్కో దెబ్బకీ నాకే తగిలినట్టయింది. నాన్న గ్లాసు వదిలేసి వచ్చి, "పిచ్చి పట్టిందా? మూడు వారాల్లో గడువు!" అని అరిచాడు. ఆయన అరవగా నేను ఎప్పుడూ వినలేదు.

"ఇందులో చీటీ తప్పు నాన్నా. సరిచేస్తున్నాను" అన్నాను.

ఆయనకి అర్థమైంది. "ఎవరు నూరిపోశారు నీకు ఇదంతా?" అన్నాడు. నేను బల్ల మీద మూడు కాగితాలు పెట్టాను. డబ్బాలోంచి తీసిన చీటీ, పుల్లల గురించి నువ్వు రాసిన ఉత్తరం, మొన్నటి ఉత్తరం. ఆయన చీటీ చూసి కూర్చుండిపోయాడు. ఉత్తరం చదువుతుంటే స్టూలు దగ్గర ఆగాడు. తర్వాత లేచి, "ఆ వయసులో నాకు తెలియలేదు" అన్నాడు.

"ఇప్పుడు తెలుసు కదా. ఇప్పుడు కూడా అదే చేశావు కదా!" అన్నాను. "నీకు రెండుసార్లు అవకాశం వచ్చింది నాన్నా. చెల్లెలొకసారి, కూతురొకసారి. రెండుసార్లూ ఒకే గడిలో తప్పు పేరు పడనిచ్చావు."

అన్నయ్య గుమ్మంలోంచి అంతా విన్నాడు. లోపలికొచ్చి, "నాన్నా, నా పేరు కొట్టెయ్యి. పరీక్షలో అందరి ముందూ పరువు పోయాక కొట్టేకంటే ఇప్పుడే నయం" అన్నాడు. దొర నోరు మొదటిసారి ఇంట్లోపల తెరుచుకుంది.

నాన్న టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు నాతో మాటల్లేవు. నేను మళ్లీ చుట్టాను, మూడు రోజుల్లో. చీటీలో నా పేరు రాశాను. ఫారం మాత్రం ఇంకా ఆయన సొరుగులోనే ఉంది, సంతకం లేకుండా.

ఇవాళ నేను ఈ ఉత్తరం రాస్తుంటే వచ్చి పక్కన నిలబడి, "ఆ కాగితం ఒకసారి ఇటివ్వు" అన్నాడు. కింద ఆయన రాసింది అలాగే ఉంచుతున్నాను.

పిడుగు

చెల్లెమ్మా, ఎనభై నాలుగు చుట్టాను. లాగడం లేదు. నువ్వు ఎన్ని చుట్టావో నాకు తెలియదు. చెప్పు. - అన్నయ్య

మా ఇంట్లో, కిటికీ పక్క
ఆగస్టు 19

అన్నయ్యా,

ఈ ఉత్తరం పిల్ల పేరుతోనే పంపుతున్నాను. పైకి చదివి వినిపిస్తుంది, కూర్చుని విను.

'నాకు తెలియదు' అని నువ్వు రాసిన మాట నాలుగుసార్లు చదువుకున్నాను. ఆ మాట కోసం ఇరవయ్యారేళ్లు ఎదురుచూశానని అది చదివాకే తెలిసింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా నీ మీద కోపంతోనే.

లెక్క నీకు చెప్పను. చుట్టేవాళ్లకి చెప్తాను. దీంతో పాటు ఒక చీటీ మడిచి, జిగురు పెట్టి పంపుతున్నాను. ముందు సొరుగు తెరిచి ఫారం తియ్యి. గడిలో ఉన్న పేరు కొట్టేసి పిల్ల పేరు రాసి, సంతకం పెట్టు. అప్పుడు చీటీ పిల్ల విప్పుతుంది, మోటారు పిల్ల చుడుతుంది. నువ్వు దీపం పట్టుకో.

బెదిరిస్తున్నాననుకుంటే అనుకో. పేరు తీసుకున్నప్పుడు మీరు బెదిరించలేదు, ముద్దుగా అడిగారు. నేనూ ముద్దుగానే అడుగుతున్నాను.

చెల్లెలు

షాపు ముందు గది, పెద్ద బల్ల
ఆగస్టు 29

అత్తా,

నిన్న ఫారం నేనే పట్టుకెళ్లి అదే కిటికీలో ఇచ్చాను. గుమాస్తా గడి చూసి, నన్ను చూసి, మళ్లీ గడి చూశాడు. "సంతకం ఉందిగా" అన్నాను. ముద్ర కొట్టాడు. చేతిపని పరీక్ష పన్నెండో తారీకున.

ఉత్తరం వినిపించాక నాన్న సొరుగు తెరవడానికి చాలాసేపు పట్టింది. అన్నయ్య పేరు మీద ఎంత గట్టిగా గీత గీశాడంటే కాగితం కాస్త చిరిగింది. నా పేరు రాసేటప్పుడు మాత్రం మెల్లగా, గుండ్రంగా రాశాడు. అప్పుడు నీ చీటీ విప్పాను. 'నలభై రెండు చుట్లు. జోడు తీగ.' ఓసి నా మట్టిబుర్రా! లావు తీగ దొరక్కపోతే సన్నతీగలు రెండు కలిపి ఒకటిగా చుట్టావు. గాడిలో ఎనభై నాలుగు తీగలు కనిపిస్తాయి, చుట్లు సగమే. కొసలు కాలిపోయాయి గనక జోడని తెలియలేదు. నాన్న చుట్లు రెట్టింపు చేశాడు, మోటారు బలం పోయింది. ఆయన నుదురు కొట్టుకుని, "పదిహేడేళ్లకి ఇది తోచిందా దానికి!" అన్నాడు. "తోచింది. అందుకే స్టూలు తీసేశారు" అన్నాను. ఎందుకు ఊరుకోవాలి?

ఆరు రోజులు రాత్రీ పగలూ చుట్టాను. నువ్వు చెప్పినట్టే నాన్న దీపం పట్టుకున్నాడు. ఒకటి రెండుసార్లు చెయ్యి పెట్టబోయి తీసేసుకున్నాడు.

ఇవాళ పొద్దున పంప్ హౌస్. రెండుసార్లు మోసపోయాడు కదా, ఇంజినీరు ఈసారి మూత బిగించనివ్వలేదు, "లోపల చూశాకే" అన్నాడు. టార్చి వేసి వంగాడు. "ఇదేదో చీటీ ఉందే" అని పైకి చదివాడు. నలభై రెండు చుట్లు, జోడు తీగ. మొదట చుట్టినవారు అని నీ పేరు, పాత తారీకు. ఇప్పుడు చుట్టినవారు అని నా పేరు, ఈ తారీకు. మోటారు ఆగి ఉంది గనక గదంతా నిశ్శబ్దం. నీ పేరు గోడలకి తగిలి మళ్లీ వినిపించింది అత్తా.

ఇంజినీరు నడుం నిలబెట్టి నాన్నని చూశాడు. "పేపర్లో వచ్చింది మీ ఫొటో కదండీ?" అన్నాడు.

నాన్న గోడవైపు చూశాడు. అక్కడ బల్లి కూడా లేదు. ఈయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని నేను పిడికిళ్లు బిగించాను.

"ఫొటో నాదే. మోటారు మా చెల్లెలిది" అన్నాడు.

బిగించి స్విచ్ వేశాం. నీళ్లు గొట్టాన్ని ఊపేస్తూ వచ్చాయి, అన్నయ్య చొక్కా మొత్తం తడిసింది. వాడు అక్కడున్న ప్రతివాడికీ మా అత్త, మా చెల్లి అని చెప్పడం మొదలెట్టాడు, ఇంకా ఆపలేదు. వాడికి సరైన ఉద్యోగం దొరికింది.

నేను నాన్నని ఇంకా క్షమించలేదు. ఆయనా అడగలేదు. ఒక్క మాట అనడానికి ఆయనకి ఇరవయ్యారేళ్లు పట్టింది, నాకూ కొంత టైం కావాలి. నీ మీద కోపం మాత్రం చీటీ విప్పిన రోజే పోయింది.

ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లి అటక కింద నుంచి నీ స్టూలు తెచ్చాను. అమ్మ, "మరి నేను అటక ఎలా అందుకోను?" అంది. నిచ్చెన కొనిపిద్దాం అన్నాను. ఒక కాలు కాస్త అరిగింది, కింద కాగితం మడిచి పెట్టాను. ఇప్పుడు దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

నువ్వొస్తే లేస్తాను.

పిడుగు